ఒక నెల తేడా వెంబడి: బొంబాయి నుంచి భరూచ్ దాకా

ఆదివారం, రైల్లో

సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఆ పార్సీ గుడి గేటు తెలుసు, లోపల ఏముందో తెలియదు. పార్సీలంటే ఎప్పుడో ఇరాన్ నుంచి వచ్చి గుజరాత్ వైపు స్థిరపడిన, అగ్నిని కొలిచే జాతి. పార్సీలు కానివాళ్లకి ప్రవేశం లేదు కాబట్టి తెలిసే దారీ లేదు. 1847లో దాన్ని కట్టించిన పెస్తన్‌జీ, విక్కాజీ అన్నదమ్ములు నిజాం సర్కారుకి అప్పులిచ్చిన షావుకార్లు. ఔరంగాబాద్ టంకశాలలో పెస్తన్‌జీ పేరు మీదే పెస్తన్‌షాహీ రూపాయలు పడేవి. ఇచ్చిన బాకీ తిరిగి రాక చివరికి ఆ కొఠీ దివాలా తీసింది. వీళ్లెవరా అని వెతుక్కుంటూ పోయి నేను ఒక ఎడిటర్ దగ్గర తేలాను. ఆయన దోసాభాయ్ ఫ్రామ్‌జీ కరాకా.

కరాకా ‘జామె జంషెద్’ అనే గుజరాతీ పత్రిక నడిపాడు. తర్వాత బొంబాయిలో ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటు అయ్యాడు, సి.ఎస్.ఐ. బిరుదు తెచ్చుకున్నాడు, 1902లో పోయాడు. పార్సీల మీద 1858లో లండన్‌లో ఒక పుస్తకం వేశాడు. అది చాల్లేదని 1884లో ‘హిస్టరీ ఆఫ్ ది పార్సీస్’ పేరుతో రెండు లావుపాటి సంపుటాలు మాక్మిలన్ వాళ్ల చేత వేయించాడు. ఇంగ్లండు వెళ్లొచ్చి గుజరాతీలో యాత్రా గ్రంథం కూడా రాశాడు. అంటే ఎడిటరు, చరిత్రకారుడు, పైగా మనలాంటి యాత్రికుడు. ఆ రెండు సంపుటాలూ ఫోన్లో దించుకుని హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వికారాబాద్ దాటేసరికి మొదటి అధ్యాయంలో ఇరాన్ని ఏలిన సస్సానిద్ రాజ్యం కూలిపోయింది. ఎదుటి బెర్తు పెద్దాయన లైటు ఆర్పమన్నాడు.

సోమవారం, ఫోర్ట్

బొంబాయిలో దిగిన వెంటనే కరాకా కాస్త పక్కకి జరగాల్సి వచ్చింది. ఆయన కంటే ముందు పుట్టిన ఇంకో పార్సీ ఎడిటరు అడుగడుగునా అడ్డొస్తాడు. సి.ఎస్.ఎం.టి. స్టేషన్ బయటికొచ్చి కొంచెం నడిస్తే మర్జ్‌బాన్ రోడ్డు. అది మున్సిపాలిటీ ఇంజినీరుగా పనిచేసిన మంచేర్‌జీ మర్జ్‌బాన్ పేరు. నాకు కావలసింది ఆయన తాత, ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్.

ఫర్దూన్‌జీ 1787లో సూరత్‌లో పుట్టాడు. 1805లో బొంబాయి వచ్చి ముల్లా ఫిరోజ్ అనే పండితుడి దగ్గర ఫార్సీ, అరబిక్ చదువుకున్నాడు. మొదట పుస్తకాలకి బైండింగు చేసే కొట్టు పెట్టాడు. 1812లో సొంతంగా గుజరాతీ ప్రెస్సు పెట్టాడు. అంతకు ముందు గుజరాతీలో అచ్చు అక్షరాలు లేవని కాదు, 1797 నాటికే ‘బాంబే కొరియర్’లో గుజరాతీ ప్రకటన వచ్చింది, ఆ అక్షరాలు చెక్కిందీ ఒక పార్సీయే. కానీ ఒక దేశీయుడు దేశీయుల కోసం పెట్టుకున్న ప్రెస్సుగా బొంబాయిలో ఫర్దూన్‌జీదే మొదటి పేరు. అందులోంచి 1814లో వచ్చిన పని ఏమిటో తెలుసా? హిందువుల పంచాంగం. వ్యాపారం తెలిసినవాడు. ఏటా కొనక తప్పని వస్తువు అదే మరి.

1822 జూలై 1న ఆయన మొదలుపెట్టిన వారపత్రిక ‘ముంబయి సమాచార్’ ఇవాళ్టికీ రోజూ వస్తోంది. ఆఫీసు హార్నిమన్ సర్కిల్ దగ్గర, ఎర్ర రంగు మేడ. 200 ఏళ్లు దాటిన పత్రిక అంటే మ్యూజియంలా ఉంటుందనుకుంటాం. కింద మామూలు ఆఫీసుల హడావుడే. మెట్ల దగ్గర నిలబడి చూస్తుంటే వాచ్‌మన్ ‘ప్రకటన ఇవ్వాలా?’ అని హిందీలో అడిగాడు.

బయట పేపర్ల బండి మీద ఒక కాపీ కొన్నాను. గుజరాతీ అక్షరాలకి హిందీకి ఉన్నట్టు తలకట్టు గీత ఉండదు, అందుకని మన కంటికి అంత పరాయిగా అనిపించవు. కూడబలుక్కుంటూ చదివితే మార్కెట్ ధరలు, రాజకీయాలు, ఆ తర్వాత పేజీ నిండా మరణ వార్తలు. చిన్న అచ్చులో కులాల వారీగా, ఊళ్ల వారీగా. పార్సీలకి విడిగా ఒక ముక్క ఉంది. చనిపోయినవారి పేరు, భర్త పేరు, తండ్రి పేరు, వయసు, ఇల్లు, కర్మకాండ ఏ అగియారీలో, అంటే ఏ అగ్ని గుడిలో, ఎన్ని గంటలకి అన్నది. ఈ నాలుగు వరుసలే పార్సీల చరిత్రకి ముడిసరుకు. బొమన్‌జీ పటేల్ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లో ‘పార్సీ ప్రకాశ్’ అని తేదీల వారీగా ఒక మహా గ్రంథం వేయడం మొదలుపెట్టాడు. ఎవరు ఎప్పుడు పోయారు, ఎవరు గుడి కట్టించారు, ఎవరు ఎంత దానం చేశారు, అంతా ఇలాంటి వరుసల్లోనే. ఈ జాతికి చరిత్ర రాసినవాళ్లు రాజుల ఆస్థానాల్లో కాదు, ప్రెస్సుల్లో కూర్చున్నారు.

సాయంత్రం ఇరానీ కేఫ్‌లో బన్ మస్కా. చాయ్ మాత్రం మన హైదరాబాద్‌దే మేలు.

మంగళవారం, పుస్తకాలూ ఒక మైదానమూ

లయన్ గేటు ఎదురుగా కె.ఆర్. కామా ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్. 1916 నాటిది. ముల్లా ఫిరోజ్ పోగు చేసిన పుస్తకాలు ఇక్కడికే చేరాయి. పాత కాగితం వాసన, ఫ్యాను చప్పుడు, ముగ్గురు పాఠకులు. కిటికీ పక్కన కుర్చీ దొరికింది. కరాకాని ఇక్కడ కుదురుగా చదివాను.

పార్సీల్ని రెండు పక్షాలుగా చీల్చిన పంచాంగం తగాదా ఏమిటో ఇక్కడే చెప్పాలి, లేకపోతే మిగతా ప్రయాణం అర్థం కాదు. పార్సీల సంవత్సరానికి 30 రోజుల నెలలు పన్నెండు, చివర్లో గాథా దినాలు ఐదు. మొత్తం 365. లీపు రోజు లేదు. నాలుగేళ్లకో రోజు చొప్పున వెనక్కి జరిగి 120 ఏళ్లకి నెల తేడా వస్తుంది. అప్పుడు ఒక నెల కలిపి సర్దుకోవాలి. దాన్నే కబీసా అంటారు. ఇండియాకి వచ్చినవాళ్లు ఒకసారి కలిపారని, ఇరాన్‌లో ఉండిపోయినవాళ్లు కలపలేదని ఒక వాదం. 1720 ప్రాంతంలో ఇరాన్ నుంచి జామాస్ప్ అనే దస్తూర్, అంటే పెద్ద పూజారి, సూరత్ వచ్చి, ‘మీ నెలా మా నెలా ఒకటి కాదే’ అన్నాడు. అంతే. 1745 నాటికి కొందరు ఇరానీ లెక్కకి మారిపోయి కద్మీలయ్యారు. పాత లెక్కనే పట్టుకున్నవాళ్లు షహెన్‌షాహీలు. పండగ ఇవాళా రేపా అని మన ఛానళ్లలో పూర్వ సిద్ధాంతం వాళ్లూ దృక్ సిద్ధాంతం వాళ్లూ ఏటా పోట్లాడుకుంటారు కదా, అది ఒక్క రోజు పేచీ. ఇది నెల పేచీ, రెండు వందల ఏళ్లు నడిచింది. తప్పు నెలలో చేసిన ప్రార్థన దేవుడికి చేరుతుందా అన్నది నమ్మేవాళ్లకి చిన్న ప్రశ్న కాదు.

1820ల్లో ఈ గొడవ బొంబాయిలో మళ్లీ రగిలింది. అప్పటికి చేతిలో పత్రిక ఉన్నది ఫర్దూన్‌జీకి. గురువు ముల్లా ఫిరోజ్ కద్మీ పెద్ద, శిష్యుడి పత్రిక సహజంగానే అటు మొగ్గింది. షహెన్‌షాహీలకి తమ గొంతు కావాల్సి వచ్చింది. 1832లో పెస్తన్‌జీ మానెక్‌జీ మోతీవాలా ‘జామె జంషెద్’ మొదలుపెట్టాడు. తర్వాతి రోజుల్లో కరాకా కూర్చున్న కుర్చీ అదే. మత వాదం పుణ్యమా అని ఒక ఊళ్లో రెండు పత్రికలు, రెండు పాఠక వర్గాలు, కావలసినంత అచ్చు పని.

ఇందులో నాకు నచ్చిన మలుపు చాలా తర్వాతది. ఫర్దూన్‌జీని తిట్టడానికే పుట్టిన ‘జామె జంషెద్’ పోయి పోయి మర్జ్‌బాన్ వంశం చేతిలోనే పడింది. నాటకాల మనిషిగా బొంబాయి అంతటికీ తెలిసిన ఆదీ మర్జ్‌బాన్ 20వ శతాబ్దంలో దానికి ఎడిటర్‌గా పనిచేశాడు.

మధ్యాహ్నం ఆజాద్ మైదాన్ దాకా నడిచాను. కుర్రాళ్లు ఒకే మైదానంలో పది క్రికెట్ మ్యాచ్‌లు ఆడుతున్నారు, ఎవరి బంతి ఎవరిదో దేవుడికెరుక. ఇదంతా అప్పటి ఎస్ప్లనేడ్. 1857 అక్టోబరు 15న సయ్యద్ హుసేన్, మంగళ్ గదియా అనే ఇద్దరు సిపాయిల్ని ఇక్కడే ఫిరంగి మూతులకి కట్టి పేల్చారు. ఆ మరుసటి ఏడే కరాకా ఇంగ్లీషులో ఒక కరపత్ర గ్రంథం వేశాడు. బ్రిటిష్ పాలనని దానికి ముందటి పాలనలతో పోల్చి, తిరుగుబాటు దేశం ఆశల్ని ముంచిందని వాదించే పుస్తకం. చదువుతుంటే ఒళ్లు మండింది. ఒక పత్రికా సంపాదకుడికి తన ఊళ్లో ఫిరంగి చప్పుడు వినపడలేదా?

వినపడే ఉంటుంది. కోపం తగ్గాక అనిపించింది, ఆయన భయం వేరే అని. 1851లో ఒక పార్సీ తన లిథో (రాతి అచ్చు) పత్రికలో ప్రవక్త బొమ్మ వేస్తే బొంబాయిలో పార్సీల మీద దాడులు జరిగాయి, ఇళ్లూ కొట్లూ దోచుకున్నారు. గుప్పెడు మంది ఉన్న జాతి, ఓడలూ నల్లమందూ పత్తీ బేరం మీద బతికేది. ప్రభుత్వం గొడుగు తీసేస్తే ఏమవుతుందో ఆ తరం కళ్లారా చూసింది. కానీ అదే 1851 అల్లర్ల వేడిలో నవంబరులో పుట్టిన ఇంకో పత్రిక ‘రాస్త్ గోఫ్తార్’. దాని ఎడిటరు దాదాభాయ్ నౌరోజీ. అదే అనుభవం చూసిన ఆయన తర్వాత దేశ సంపద ఎటు పోతోందో లెక్కలు కట్టే దారి పట్టాడు. కాబట్టి భయం ఒక్కటే కరాకాకి సమాధానం కాదు. మేజిస్ట్రేటు కుర్చీ, సి.ఎస్.ఐ. పతకం ఊరికే రావు.

అయినా ఆ రెండు సంపుటాలు పక్కన పడేయలేకపోయాను. రెండోదాంట్లో సగం చందాల పట్టీలా ఉంటుంది: ఏ సేఠ్ ఏ ఆస్పత్రికి ఎంత ఇచ్చాడు, ఎవరికి నైట్ బిరుదు వచ్చింది. దాటేయొచ్చు. కానీ పెళ్లిళ్లు, పురుళ్లు, బట్టలు, అంత్యక్రియల దగ్గరికి వచ్చేసరికి విలేకరి బయటికొస్తాడు. సుద్రా అనే తెల్ల పలుచని చొక్కా, నడుముకి మూడు చుట్లు తిప్పి ముడివేసే కుస్తీ, ఆడవాళ్లు జుట్టు కనపడకుండా కట్టుకునే తెల్ల గుడ్డ. 1865లో పార్సీలకి విడిగా పెళ్లి, వారసత్వ చట్టాలు ఎలా వచ్చాయో చెప్పేటప్పుడు కోర్టు వార్త రాసినంత నిక్కచ్చి. 1881 జనాభా లెక్కల్లో ఈ దేశంలో పార్సీలు 85 వేల పైచిలుకు. 2011లో 57,264. ఆయన రాసి ఉంచకపోతే కొన్ని సంగతులు చెప్పడానికి ఇప్పుడు మనుషులే తక్కువ.

బుధవారం, డామన్

పొద్దున్నే గుజరాత్ బండి. సంజాన్‌లో ఒక్క నిమిషం ఆగింది. ఇరాన్ నుంచి ఓడల్లో వచ్చిన పార్సీలు స్థిరపడిన ఊరు ఇదే. 1920లో నిలబెట్టిన స్తంభం స్టేషన్‌కి దూరం, దిగలేదు. వాపీలో దిగి షేర్ ఆటోలో డామన్.

గుజరాత్ సరిహద్దు దాటగానే వరసగా మందు షాపులు. గుజరాత్‌లో మద్య నిషేధం, డామన్‌లో లేదు. ఆటోలో నా పక్కన కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు పదకొండింటికే బోర్డుల పేర్లు చదువుకుంటూ ఖుషీగా ఉన్నారు. సరిహద్దు అవతల చట్టం పనిచేయదు అన్న సంగతే ఫర్దూన్‌జీనీ 1832లో ఇక్కడికి తీసుకొచ్చింది. కబీసా తగాదాలో శత్రువులు పెరిగారు, వ్యాపారంలో నష్టం వచ్చింది. ఈస్టిండియా కంపెనీ కోర్టుల చేయి అందని జాగా దగ్గర్లో ఏది? పోర్చుగీసు వాళ్ల డామన్. పత్రికని వదిలేసి, బొంబాయి వదిలేసి వచ్చాడు. 1847లో ఇక్కడే పోయాడు.

మోటీ డామన్ కోట గోడలు ఇంకా గట్టిగా ఉన్నాయి. లోపల సర్కారు ఆఫీసులు, 1603 నాటి బోమ్ జీసస్ చర్చి, చెక్క మీద బంగారు పూత పనితనం. డమన్‌గంగ నది దాటితే నానీ డామన్, చేపల వాసన, పడవలు. ఫర్దూన్‌జీ గుర్తుగా ఏదైనా పలక ఉంటుందేమోనని అడిగి చూశాను. కోట దగ్గర కొబ్బరిబొండాల అతను ‘సమాచార్ పేపరా? మా నాన్న తెప్పించేవాడు’ అన్నాడు, ఎడిటర్ సంగతి ఎవరికీ పట్టలేదు. ఇక్కడి నుంచి బొంబాయి నూట యాభై కిలోమీటర్ల చిల్లర. పదిహేనేళ్లు అంత దగ్గర్లో ఉండి, తాను పెట్టిన పత్రిక ఎవరి చేతుల్లోనో నడుస్తుంటే చదివేవాడా, మానేశాడా అని ఆ గోడ మీద కూర్చుని చాలాసేపు అనుకున్నాను. ఎండ మండిపోతోంది.

గురువారం, ఉద్వాడా

పార్సీలకి అన్నిటికంటే పవిత్రమైన అగ్ని, ఇరాన్‌షా, ఇక్కడుంది. సంజాన్ నుంచి కొండ గుహలకి, అక్కణ్నుంచి ఇంకో ఊరికి, నవసారికి, సూరత్‌కి తిరిగి 1742లో ఈ పల్లెకి చేరింది. ఇప్పటి కట్టడం 1894లో మోత్లీబాయి వాడియా కట్టించింది. గేటు దాకానే మనం. ముందు మనిషి తలలున్న ఎర్రటి గిత్తల బొమ్మలు, ఎండకి మూసిన తలుపులు, చందనపు చెక్కలు అమ్మే చిన్న కొట్లు.

వీధంతా పెంకుటిళ్లు, ముందు అరుగులు, సగం తాళాలు. నేను దిగిన హోటల్లో భోజనానికి ఒక పెద్దాయన పరిచయమయ్యాడు, బొంబాయి నుంచి ఏటా వస్తాడట. ఆకులో చుట్టి ఉడికించిన చేప, పచ్చి కొబ్బరి చట్నీతో సహా, నా పళ్లెంలోకి తనే తోశాడు. కరాకా పేరు చెప్పాను.

‘చదివాను డీక్రా. అందరూ మంచివాళ్లే ఆ పుస్తకంలో,’ అన్నాడు.

‘మీరు కద్మీనా, షహెన్‌షాహీనా అంకుల్?’

‘నేను షహెన్‌షాహీ. మా ఆవిడ కద్మీ. జూలైలో ఆమె నవ్రోజ్, ఆగస్టులో నాది. రెండుసార్లు రవ్వా తింటాను, నష్టమేముంది?’ అని సెమోలినా హల్వా లాంటి ఆ స్వీటు సంగతి మొదలుపెట్టాడు. ఇంట్లో ‘జామె’ ఇప్పటికీ వస్తుందట, వారానికోసారి. మొదట ఆఖరి పేజీ చూస్తాడట, తెలిసినవాళ్లెవరు పోయారా అని.

శుక్రవారం, నవసారి, సూరత్

నవసారిలో తక్కువసేపే. 1872 నాటి దస్తూర్ మెహర్‌జీరాణా లైబ్రరీ చూశాను, చల్లటి హాలు, అద్దాల బీరువాలు. 1599లో పార్సీల వలస గాథ ‘కిస్సా ఎ సంజాన్’ని బహమన్ కైకోబాద్ పద్యాలుగా రాసింది ఈ ఊళ్లోనే. చోటు లేదన్న రాజుకి పాలల్లో పంచదారలా కలిసిపోతామని పార్సీలు చెప్పిన కథ అందరూ చెబుతారు, అది ఇందులో లేదు. ఇందులో ఉన్నది రాజు పెట్టిన షరతులు. భాష మార్చుకోవాలి, ఆడవాళ్లు ఇక్కడి బట్టలు కట్టాలి, ఆయుధాలు వదలాలి. పంచదార కంటే ఈ షరతులే నమ్మబుద్ధవుతాయి.

సూరత్‌లో మాత్రం నోరెళ్లబెట్టాను. షాపోర్ ప్రాంతంలో రెండు పెద్ద అగ్ని మందిరాలు, ఒకటి మోదీ వంశం వాళ్లది, ఒకటి వకీల్ వంశం వాళ్లది. మొదటిది షహెన్‌షాహీ, రెండోది కద్మీ. రెండూ 1823లోనే, కొద్ది వారాల తేడాతో ప్రతిష్ఠ చేశారు. పోటీ అంటే అది. అలాంటి అగ్ని ప్రతిష్ఠకి పదహారు రకాల అగ్నులు తెచ్చి శుద్ధి చేయాలి, పిడుగు పడిన చోటి నిప్పుతో సహా. ఒకే ఊళ్లో రెండు పక్షాలూ ఆ ఏడే ఆ తంటాలన్నీ పడ్డాయి.

శనివారం, భరూచ్

తగాదా రక్తం చూసిన ఊరు ఇది. పాత ఊరు గుట్ట మీద, సన్న సందులు, కింద నర్మద. 1881 నాటి ఇనుప వంతెన మీద ఇప్పుడు జనం పొద్దుటి నడకకి వస్తారు.

18వ శతాబ్దం చివర్లో ఇక్కడ రెండు పక్షాలూ వీధుల్లో కొట్టుకున్నాయి. హోమాజీ జంషెద్‌జీ అనే షహెన్‌షాహీ నేత పనివాడు ఒక కద్మీ గర్భిణిని తన్నాడని, గర్భం పోయిందని కేసు పెట్టారు. బొంబాయికి తీసుకెళ్లి 1783లో ఉరి తీశారు. తాను నిర్దోషినని, తన పేరు తలుచుకున్నవాళ్లకి తోడుంటానని ఆఖరి మాటగా అన్నాడంటారు. అదే 1783లో బొంబాయిలో మొదటి పెద్ద అగ్ని మందిరం దాదీసేఠ్ ఆతష్ బెహ్రామ్ వెలిసింది, అది కద్మీలది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఫర్దూన్‌జీ పత్రిక పెట్టేనాటికి ఎంత మందుగుండు పోగై ఉందో తెలుస్తుంది. దాని మీద కూర్చుని ఆయన ఈ తగాదా ఉత్తరాలు అచ్చేశాడు. కరాకా నాటికి ఆ నిప్పు ఆరింది కాబట్టే చరిత్రగా, గొంతు పెంచకుండా రాయగలిగాడు. ఇద్దరిలో ఎవరి వాక్యం బాగుంటుందంటే కరాకాదే. ఎవరి పక్కన రైల్లో కూర్చుంటానంటే ఫర్దూన్‌జీ పక్కన.

పాత ఊళ్లో అగియారీ గోడ బయట నిలబడి ఉంటే, తాళం తీస్తున్న ఒక పెద్దావిడ హోమాజీ పేరు వినగానే ‘మా అమ్మ ఆ రోజు తప్పకుండా దండం పెట్టుకునేది’ అంది. ఆయన్ని తలుచుకునే ఆ రోజుని హోమాజీ నీ బాజ్ అంటారు. దయ్ నెల, గోవాద్ రోజు. ఆయన షహెన్‌షాహీ కాబట్టి షహెన్‌షాహీ లెక్కనే చూడాలి, ఈ మధ్య జూన్ మొదట్లో పడుతోంది. బజారులో అర కిలో ఖారీ సింగ్, అంటే ఇక్కడి పేరున్న ఉప్పు వేరుశనగ, పొట్లం కట్టించుకుని స్టేషన్‌కి ఆటో మాట్లాడాను. ఎనభై అడిగాడు, అరవైకి కుదిరింది.